ఆటోనగర్ థిన్నర్‌కీ మోడల్ వ్యాగన్‌కీ పడదు

మోడల్ రైలు వ్యాగన్ మీద ఫ్యాక్టరీలో అచ్చయిన అక్షరాలు పోవాలి, కింద రంగు మాత్రం చెక్కుచెదరకూడదు. బెజవాడలో ఈ మాట ఎవరితో అన్నా ముందు వచ్చే సలహా థిన్నరే. ఆటోనగర్ చేరువలోనే ఉంది, ఏ పెయింటు కొట్టుకెళ్లినా అరలీటరు డబ్బా దొరుకుతుంది, గుడ్డ తడిపి ఒక్కసారి తుడిస్తే చాలంటారు. నిజమే, ఒక్కసారి తుడిస్తే అక్షరం పోతుంది. దాని వెంటే రంగూ పోతుంది. రంగు కింద ప్లాస్టిక్ జిగటగా మారి, గుడ్డ నేత దాని మీద అచ్చుపడుతుంది. ఆ తర్వాత ఎంత లప్పం పెట్టినా రివెట్లు తిరిగి రావు.

ఇందులో ఆటోనగర్ మేస్త్రీల తప్పేమీ లేదు. వాళ్ల చేతి కింద ఉండేది ఇనప రేకు. థిన్నర్ రేకుని ఏమీ చేయదు. మన వ్యాగన్ బాడీ చాలావరకు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్, కొన్నిటికి ఏబీఎస్ అనే ఇంకో రకం. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగుల్లో కలిపే థిన్నర్‌లో ఉండే టోలీన్, ఎసిటేట్లు, కీటోన్లు పాలీస్టైరీన్‌ని కరిగించడంలో ఆరితేరినవి. ప్లాస్టిక్ కిట్లు అతికించే జిగురులో వాడేవి కూడా ఈ కోవకు చెందిన ద్రావకాలే. అంటే థిన్నర్ గుడ్డతో వ్యాగన్ తుడవడమంటే దాని ఒంటికి జిగురు పూయడమే.

పెట్రోలుదీ అదే దారి. గోళ్ల రంగు తుడిచే రిమూవర్ విషయంలో ఇంకో మోసం ఉంది. అసిటోన్ లేదని సీసా మీద రాసి ఉంటే ఫరవాలేదనుకుంటారు. అసిటోన్ లేని రకాల్లో సాధారణంగా ఉండేది ఈథైల్ ఎసిటేట్. పాలీస్టైరీన్‌కి అదీ శత్రువే.

అక్షరం తీయడానికి కావలసింది బలహీనమైన మందు, దానికి తగినంత వ్యవధి. అంతకన్నా ముందు ఇంకో లెక్క తేల్చుకోవాలి: అసలు ఎన్ని అక్షరాలు తీయాలి? చాలామంది మొత్తం పక్క గోడని ఖాళీ చేయాలని మొదలుపెడతారు. అక్కరలేదు.

ఫ్యాక్టరీలో ఈ రాతలు వేసేది ప్యాడ్ ప్రింటింగ్‌తో, టాంపో అని కూడా అంటారు. చెక్కిన పలకకి సిరా పట్టించి పైపైది గీకేస్తారు. గుంటల్లో మిగిలిన సిరాని మెత్తటి సిలికాన్ ప్యాడ్ ఎత్తుకొని బాడీ మీద ఒత్తుతుంది. ప్యాడ్ మెత్తగా వంగుతుంది కాబట్టే రివెట్ల మీదా, పలకల సందుల్లోనూ కూడా అక్షరం విరగకుండా పడుతుంది. సిరా పొర మందం కొన్ని మైక్రాన్లే. ముదురు రంగు మీద తెల్ల అక్షరమైతే కింద రంగు తొంగిచూడకుండా చాలాసార్లు రెండు ఒత్తులు వేస్తారు, అందుకే తెలుపు తీయడం కష్టం.

ఈ సిరా, కింది రంగు ఒకే ఇంటిపేరున్నవాళ్లు. రెండిట్లోనూ రెజిన్, పిగ్మెంటు, ద్రావకమే ఉంటాయి. సిరాని కరిగించి రంగుని ముట్టుకోని మందు అంటూ దాదాపు ఉండదు. మనకి కలిసొచ్చేవి రెండే: సిరా పైన ఉంది, పలచగా ఉంది. పైనుంచి దిగే ద్రావకం ముందు సిరాని మెత్తబరుస్తుంది, కింది రంగుని మెత్తబరచడానికి ఇంకొంత సమయం పడుతుంది. ఆ రెండు ఘడియల మధ్య ఉన్న సందులోనే మన పనంతా జరగాలి. మందు ఎంత బలమైనదైతే ఆ సందు అంత ఇరుకు. థిన్నర్‌తో అది క్షణంలో మూసుకుపోతుంది. డెకాల్ సాఫ్టనర్‌తో, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే పలచటి అక్షరాల పొరని మెత్తబరిచే మందుతో, కొన్ని నిమిషాలు చిక్కుతుంది.

ఇక లెక్క సంగతి. విదేశీ మోడల్‌ని మన రైల్వే వ్యాగన్‌గా మార్చేవాళ్లకి వేరే దారి లేదు, పాత కంపెనీ పేరూ ముద్రా పోవలసిందే. కానీ ఇప్పటికే మన రాతలున్న వ్యాగన్ నంబరు మార్చాలనుకునేవాళ్లు, ఒకే నంబరుతో వచ్చిన నాలుగు వ్యాగన్లని విడివిడి వ్యాగన్లు చేయాలనుకునేవాళ్లు ఒకటి రెండు అంకెలతో సరిపెట్టుకోవచ్చు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. భారతీయ రైల్వే వ్యాగన్ నంబరులో 11 అంకెలుంటాయి. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు సొంతదారు జోను, ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరం, తర్వాత నాలుగు వరస సంఖ్య. చివరిది తనిఖీ అంకె. సరి స్థానాల్లోని ఐదు అంకెలని కూడి మూడుతో గుణించాలి. దానికి బేసి స్థానాల్లోని ఐదు అంకెల మొత్తం కలపాలి. వచ్చిన సంఖ్యని పై పదికి చేర్చడానికి ఎంత తక్కువో అదే చివరి అంకె.

లెక్క కోసం 1009124567 అనే పది అంకెలు తీసుకోండి. సరి స్థానాల్లో 0, 9, 2, 5, 7, మొత్తం 23, మూడింతలు 69. బేసి స్థానాల్లో 1, 0, 1, 4, 6, మొత్తం 12. రెండూ కలిపి 81. తొంభైకి తొమ్మిది తక్కువ, కాబట్టి చివరి అంకె 9. వరస సంఖ్యలో ఆఖరి 7ని 8 చేస్తే మొత్తం 84 అవుతుంది, తనిఖీ అంకె 6కి మారుతుంది. అంటే ఒక్క అంకె మార్చాలన్నా రెండు అంకెలు తీయాలి. ఈ లెక్క ముందే కాగితం మీద వేసుకుంటే ఏ రెండు అంకెలు మారిస్తే పని తేలికో తెలుస్తుంది. 8 ఎడమ అంచులు గీకితే 3 అవుతుంది, 1ని 7 చేయడానికి ఒక చిన్న గీత చాలు. మారిన నంబరు రెండు పక్కలా ఒకటే ఉండాలని కూడా గుర్తుపెట్టుకోండి.

ఓవర్‌హాల్ (పూర్తి మరమ్మతు) తేదీల గడి అయితే అసలు చెరపక్కర్లేదు. బెజవాడ దగ్గర రాయనపాడులో గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాపు ఉంది. అలాంటి చోట ఓవర్‌హాల్ అయిన వ్యాగన్‌కి కొత్త తేదీ వేసేటప్పుడు పాత తేదీని ఎవరూ గీకుతూ కూర్చోరు. దాని మీద కొత్త రంగు పట్టీ వేసి స్టెన్సిల్‌తో రాస్తారు. ఎండకి వెలిసిన బాడీ మీద ఆ పట్టీ ముదురుగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మోడల్ మీద కూడా పట్టీ వేస్తే అది అసలుకి దగ్గరే కానీ చేతకానితనం కాదు. పైగా మనం గేజి (పట్టాల మధ్య ఎడం) దగ్గరే రాజీ పడ్డవాళ్లం. 1676 మి.మీ. బ్రాడ్ గేజి 1:87 స్కేలులో, అంటే హెచ్‌ఓలో, 19 మి.మీ. పైమాటే రావాలి, మనం నడిపేది 16.5 మి.మీ. పట్టాల మీద. పట్టీ దగ్గర మడి కట్టుకోవడంలో అర్థం లేదు.

ఇంకో కారణం కూడా ఉంది తక్కువ చెరపడానికి. తీసింది తిరిగి రాయగలరా? అసలు వ్యాగన్ మీద 100 మి.మీ. ఎత్తున్న అక్షరం హెచ్‌ఓ స్కేలులో 1.15 మి.మీ. ఉంటుంది. ఇంట్లో లేజర్ ప్రింటరైనా ఇంక్‌జెట్ అయినా తెల్ల రంగు అచ్చువేయలేవు, తెలుపంటే వాటికి ఖాళీ కాగితమే. పెళ్లి శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు తెల్ల సిరా వేయగలరు గానీ, 1.15 మి.మీ. దేవనాగరి అక్షరంలో గీతల మధ్య ఖాళీ స్క్రీన్ జాలీకి అందదు, ముద్దైపోతుంది. ఫ్యాక్టరీ వేసిన రాతలో పనికొచ్చే ప్రతి అక్షరాన్నీ ఉంచుకోండి. బరువు, సామర్థ్యం, బ్రేకు వివరాల గడి ఎవరూ చదవరు, కానీ లేకపోతే వెలితి తెలుస్తుంది.

తీయాలని తేల్చుకున్నాక, ఆ రాత ఏ రకమో చూడాలి. ఫోను టార్చి వెలిగించి బాడీకి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు పడనివ్వండి. అక్షరాల చుట్టూ పలచటి పొర అంచు కనబడితే అది డెకాల్. దానికి ద్రావకం అక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన టిష్యూ పదిహేను నిమిషాలు వేసి, ఆరాక మాస్కింగ్ టేపు ఒత్తి లాగితే చాలాసార్లు లేచి వస్తుంది. అంచు లేకుండా ప్రతి అక్షరమూ విడిగా కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తే ప్యాడ్ ప్రింటు. అక్షరానికీ బాడీకీ నిగారింపులో ఏ తేడా లేకపోతే పైన వార్నిష్ ఉందన్నమాట, ముందు దాన్ని దాటాలి, ఓపిక రెట్టింపు కావాలి. అక్షరం ప్లాస్టిక్‌లోనే పోతపోసి ఉంటే ఏ మందూ పనిచేయదు, అది బ్లేడు పని.

బాడీ లోపలి వైపు కూడా చూడండి. లోపలా బయటా ఒకే రంగైతే అది రంగు వేసిన వ్యాగన్ కాకపోవచ్చు, రంగు కలిపి పోసిన ప్లాస్టిక్ అయి ఉండవచ్చు. అలాంటప్పుడు రంగు ఊడుతుందనే భయం లేదు, పని సగం తేలిక. కానీ రుద్దిన చోట నిగారింపు మారుతుంది.

కావలసిన సరుకు ఎక్కువ లేదు. మొదటిది డెకాల్ సాఫ్టనర్, మైక్రో సోల్ గానీ సాల్వాసెట్ గానీ. రెండోదాని బలం ఎక్కువ. ఇవి మన కొట్లలో దొరికే సరుకు కాదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. చిన్న సీసా చాలా వ్యాగన్లకి వస్తుంది. రెండోది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేరు వాళ్లు బోర్డులు కడగడానికి వాడే ఐపీఏ. దీన్ని పలచన చేసుకోవడానికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీళ్లు వాడితే ఆరాక తెల్ల మరకలు కడతాయి, అవి అక్షరం తాలూకు మచ్చలేమో అని మళ్లీ రుద్దుతారు.

ఐపీఏ సీసా దొరక్కపోతే గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల వరసలో ఏ మందుల షాపులోనైనా ఆల్కహాల్ స్వాబులు అడగండి, ఇంజెక్షన్‌కి ముందు చర్మం తుడిచేవి. కవరు మీద 70 శాతం ఐసోప్రొపైల్ అని ఉందో లేదో చూసుకోండి. ఒక్కొక్కటి విడిగా ప్యాక్ చేసి ఉంటాయి, ఆరిపోవు, కొలత తప్పదు. చిన్న పనికి ఇంతకన్నా మంచి సరంజామా లేదు. సర్జికల్ స్పిరిట్ మాత్రం వద్దు. కొన్ని రకాల్లో ఆముదం లాంటివి కలుపుతారు, చర్మం ఎండిపోకుండా. అది వ్యాగన్ మీద మిగిలితే తర్వాత వేసే డెకాల్ అంటుకోదు. శానిటైజర్ జెల్ జారకుండా నిలుస్తుంది, ఆ గుణం మంచిదే, కానీ గ్లిజరిన్, జెల్ పదార్థం మిగిలిపోతాయి. వాడితే తర్వాత సబ్బునీళ్లతో కడగాలి.

వీటితోపాటు ఇయర్ బడ్స్ ఒక డబ్బా, వెదురు టూత్‌పిక్‌లు, టిష్యూ, తెల్లటి నాన్‌డస్ట్ రబ్బరు, 2000 నంబరు వాటర్ పేపరు (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం). ఈ చివరిది ఆటోనగర్‌లోనే కొనండి.

మొదట బాడీని అండర్‌ఫ్రేము నుంచి విడదీయండి. చక్రాల ట్రక్కులు, కప్లర్లు, బోగీ అయితే కిటికీ అద్దాలు తీసి పక్కన పెట్టండి. కిటికీలకి వాడే పారదర్శక ప్లాస్టిక్‌కి ఆల్కహాల్ ఆవిరి తగిలినా కొన్నిసార్లు సన్నటి పగుళ్లు పడతాయి. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తటి బ్రష్షుతో బాడీ కడిగి ఆరనివ్వండి. చేతుల జిడ్డు ఉంటే మందు ఒకచోట పనిచేసి ఇంకోచోట చేయదు.

తర్వాత పరీక్ష. బాడీ కింది అంచు మీదో, అండర్‌ఫ్రేము కప్పేసే చోటో తడి బడ్‌ని పది సెకన్లు ఆనించి, ఐదారు సార్లు మెల్లగా తిప్పండి. దూదికి వ్యాగన్ రంగు అంటితే ఆ మందు ఆ బలంలో పనికిరాదు. అంటకపోతే ముప్పై సెకన్లు, ఆ పైన రెండు నిమిషాలు. ఎంతసేపటికి రంగు దిగడం మొదలైందో చూసి, అందులో సగమే మీ గడువు అనుకోండి. ఈ పరీక్ష ప్రతి వ్యాగన్‌కీ చేయాలి. ఒకే కంపెనీ అయినా ఏళ్ల తరబడి ఒకే రంగు వాడరు. పాతకాలపు అమెరికన్ మోడళ్ల రంగు ఐపీఏలో నానబెడితే మొత్తంగా ఊడొస్తుందని పాతకాపులందరికీ తెలుసు, రంగు తీయడానికి వాళ్లు వాడేదే అది. అంటే మన మందు అక్షరానికే కాదు, రంగుకీ మందే.

ముందు సాఫ్టనర్. రాత ఎంత ఉందో అంత ముక్క టిష్యూ కత్తిరించి అక్షరాల మీద పరచండి, బ్రష్షుతో సాఫ్టనర్ తడపండి. పక్క గోడ పైకి ఉండేలా వ్యాగన్‌ని పడుకోబెట్టండి, నిలబెడితే మందు కిందకి జారి గీతలు పడతాయి. ఐదు నిమిషాల తర్వాత ఒక మూల ఎత్తి టూత్‌పిక్‌తో ఒకే అక్షరాన్ని కదిపి చూడండి. టూత్‌పిక్ మొనని ముందే బ్లేడుతో ఉలిలా చదునుగా కోసుకోవాలి, సూదిగా ఉంటే రంగులో గీత దిగుతుంది. అక్షరం కదిలితే టిష్యూ తీసి, తడి బడ్‌తో పని మొదలు. కదలకపోతే ఇంకో చుక్క వేసి ఇంకో ఐదు నిమిషాలు.

బడ్‌ని రుద్దకూడదు, దొర్లించాలి. ఒక్కో అక్షరానికి మూడు నాలుగు దొర్లింపులు, వెంటనే పొడి బడ్‌తో అద్ది తీయడం, టార్చి వెలుగులో చూడడం, తర్వాతి అక్షరానికి వెళ్లడం. ఒకే అక్షరం మీద పట్టుదలకి పోవద్దు. వరస మొత్తం తిరిగి వచ్చేసరికి మొదటి అక్షరం కింద రంగు ఆరి గట్టిపడి ఉంటుంది, అప్పుడు రెండో చుట్టు. తెల్ల సిరా అంటిన బడ్‌ని మళ్లీ వాడితే ఆ తెలుపే మ్యాట్ రంగు గరుకులో ఇరుక్కుంటుంది. బూడిద రంగు పొగలాంటి మరక వచ్చిందంటే కారణం అదే, అక్షరం అంటుకొని ఉండటం కాదు. డబ్బాడు బడ్స్ చెప్పింది అందుకే. ఒక పక్క రాతకి గంట పట్టడం మామూలే.

సాఫ్టనర్‌కి లొంగకపోతే ఐపీఏ. ముందు సగం ఐపీఏ, సగం డిస్టిల్డ్ వాటర్. చాలకపోతే 70 మిల్లీలీటర్లకి 30 నీళ్లు. 99 శాతందే బలమైనది కదా, దాంతోనే పని త్వరగా అవుతుంది కదా అంటారు. అది క్షణంలో ఆరిపోతుంది. ఆరిపోయిన చోట మళ్లీ మళ్లీ పోస్తూ, పొడిగా ఉన్న బడ్‌తో రుద్దుతూ పోతారు, రంగు పోయేది ఆ రుద్దుడుకే. నీళ్లు కలిసింది అక్షరం మీద ఎక్కువసేపు తడిగా నిలుస్తుంది. 99 శాతందాన్ని ఒక్క మొండి అక్షరం మీద, బడ్ కొనతో, కొద్ది సెకన్లు వాడటానికి మాత్రం ఉంచుకోండి.

ద్రావకం వాడేటప్పుడు చుట్టూ టేపు వేయకండి. రంగుని కాపాడుతుందనిపిస్తుంది కానీ, మందు టేపు అంచు కిందకి పాకి అక్కడే నిలిచిపోతుంది. టేపు తీసేసరికి అక్షరం ఉన్నచోట కాకుండా టేపు గీత వెంట రంగు లేస్తుంది. టేపు గరుకు కాగితంతో చేసే పనికి మాత్రమే. అప్పుడు కూడా టేపుని ముందు అరచేతికి రెండు మూడు సార్లు అంటించి జిగురు తగ్గించుకోవాలి.

మన ఎండల సంగతి చెప్పకుండా ఈ కొలతలకి విలువ లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి గదిలో, పైన ఫ్యాను తిరుగుతుండగా, టిష్యూ మీద ఐపీఏ రెండు నిమిషాలు కూడా తడిగా ఉండదు. తెల్లవారుజామున గానీ, ఫ్యాను ఆపి గానీ చేయాలి. టిష్యూ మీద పలచటి పాలిథిన్ ముక్క కప్పితే ఆరదు, అయితే అప్పుడు మందు పూర్తి బలంతో పనిచేస్తుంది కాబట్టి గడువు సగానికి తగ్గించండి. ఐపీఏకి 12 డిగ్రీల దగ్గరే నిప్పంటుకునే ఆవిరి వస్తుంది. పెయింటు కొట్లో అమ్మే మినరల్ టర్పెంటైన్‌కి ఆ హద్దు సుమారు 40 డిగ్రీలు. చలిదేశాల వాళ్లు టర్పెంటైన్ అంత ప్రమాదకరం కాదని రాస్తుంటారు, వాళ్ల గదిలో అది నిజం. మే నెల మధ్యాహ్నం బెజవాడ గది ఆ హద్దు దగ్గరే ఉంటుంది. వంటింట్లో, అగరొత్తి పక్కన ఈ పని పెట్టుకోవద్దు. కిటికీ తెరిచి ఉంచండి.

టర్పెంటైన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. రంగు ఆక్రిలిక్ అయి, అక్షరాలు ఎనామిల్ స్వభావంవైతే ఐపీఏ కన్నా అది మేలు చేస్తుంది, ఎందుకంటే ఆరిన ఆక్రిలిక్‌ని అది పెద్దగా కదిలించదు. ఏది ఏదో పరీక్షే చెప్తుంది. దాని జిడ్డు పోవడానికి సబ్బుతో రెండుసార్లు కడగాలి.

డెట్టాల్, బ్రేక్ ఆయిల్ గురించి ఎప్పుడూ ఎవరో ఒకరు అంటారు. రెండూ రంగు మొత్తం ఊడదీయడానికి వాడేవి, అక్షరం ఒక్కటే తీయడానికి కాదు. డెట్టాల్‌లో నానిన రంగు మెత్తటి ముద్దలా మారుతుంది, అప్పుడు నీళ్లు తగిలితే తారులా అంటుకుపోతుంది, డెట్టాల్‌తోనే కడిగి ఆ తర్వాతే నీళ్లు చూపించాలి. బ్రేక్ ఆయిల్ కొన్ని ప్లాస్టిక్‌లని పెళుసు చేస్తుంది. ఈ పనికి ఏదీ వద్దు.

మందుతో అక్షరం తొంభై పాళ్లు పోయాక మిగిలేది నీడ. ఇక్కడ ఆగడం తెలియాలి. ఆ చోట కొత్త అక్షరాలు రాబోతుంటే, లేదా బాడీ మీద దుమ్మూ తుప్పూ వేషం వేయబోతుంటే, నీడ ఉన్నా ఎవరికీ కనబడదు. దాన్ని కూడా పోగొట్టాలని కూర్చుంటేనే రంగు తెగుతుంది. ఖాళీగా ఉండబోయే చోటైతే, కనీసం ఒక రోజు ఆరనిచ్చి, అప్పుడు గరుకు పని మొదలుపెట్టాలి. మెత్తబడ్డ రంగు మీద కాగితం పెడితే రంగు చుట్టుకొని లేస్తుంది.

చదునైన గోడకి ముందు తెల్ల రబ్బరు ప్రయత్నించండి. పెన్ను చెరిపే నీలం వైపు రబ్బరులో గరుకు పొడి ఉంటుంది, దాని జోలికి పోవద్దు. తెల్ల రబ్బరుని వ్యాగన్ పెట్టెలో వదిలేయకండి కూడా. దాన్ని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం ప్లాస్టిక్‌లోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది, రబ్బరు దానికి అంటుకుపోతుంది, బడిపిల్లల స్కేళ్లకి రబ్బర్లు అతుక్కునేది అందుకే. రబ్బరు చాలకపోతే 2000 నంబరు వాటర్ పేపరుని చిటికెన వేలి గోరంత ముక్క చేసి, టూత్‌పిక్ కొనకి అంటించి, సబ్బునీళ్లతో తడిగా పదేసి గీతలు మాత్రమే. ప్రతి పదికీ తుడిచి చూడండి. పొడిగా రుద్దితే పాత రంగుల పొడి ఊపిరిలోకి పోతుంది, పైగా కాగితం మూసుకుపోయి గీతలు పడతాయి. తెల్ల టూత్‌పేస్టు కూడా పనిచేస్తుంది, జెల్ రకం కాదు. కారు రబ్బింగ్ కాంపౌండు అంతకన్నా చురుకు, కానీ దానిలో మైనం, సిలికాన్ ఉంటే డెకాల్ నిలవదు.

బాక్స్‌ఎన్ (బొగ్గు మోసే, పైకప్పు లేని రకం) లాంటి వ్యాగన్ల పక్కలకి నిలువు పట్టీలుంటాయి. అక్కడ గరుకు పని దాదాపు నిషిద్ధం. కాగితం ముందు తగిలేది పట్టీ అంచుకీ, రివెట్లుంటే వాటి తలకీ, రంగు అతి పలచగా ఉండేదీ అక్కడే. గోడ మీది అక్షరం పోకముందే పట్టీ మీద ప్లాస్టిక్ బయటపడుతుంది. అలాంటి వ్యాగన్‌కి చివరిదాకా మందే, సందుల్లో ఉలి మొన టూత్‌పిక్కే.

జరిగే పొరపాట్లలో చాలావాటికి చికిత్స ఉంది. బడ్‌కి వ్యాగన్ రంగు అంటితే వెంటనే ఆపి, తాకకుండా ఒక రోజు వదిలేయండి, ద్రావకం ఆవిరయ్యాక రంగు తిరిగి గట్టిపడుతుంది. రుద్దిన చోట నిగనిగలాడితే రంగు పోలేదు, మ్యాట్ రంగు పైనున్న సూక్ష్మమైన గరుకు చదునైంది, చివర మ్యాట్ వార్నిష్‌తో అది కలిసిపోతుంది. రంగు ప్లాస్టిక్ గీసుకొని తెల్లబారితే నిగారింపు వార్నిష్ ఆ తెలుపుని మింగేస్తుంది. అక్షరం ఉన్న ఆకారంలోనే రంగు ముదురుగా కనిపిస్తే అది సిరా కాదు. చుట్టూ రంగు ఏళ్ల తరబడి వెలుగుకి వెలిసింది, అక్షరం కింద వెలవలేదు. దాన్ని ఏ మందూ తీయలేదు, పైన బాడీ రంగునే బాగా పలచన చేసి ఒక తెర కొట్టాలి. ప్లాస్టిక్‌లో వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తే మాత్రం చేయగలిగింది లేదు. క్లిప్పుల దగ్గర, మూలల్లో బిగువులో ఉన్న ప్లాస్టిక్‌కి బలమైన ఆల్కహాల్ ఎక్కువసేపు తగిలితే అలా జరుగుతుంది. బాడీని విడదీయమన్నది అందుక్కూడా.

ఇంత తంటా ఎందుకు, మొత్తం రంగు ఊడదీసి కొత్తగా స్ప్రే చేస్తే పోలేదా అనేవాళ్లున్నారు. బాడీ రంగే మార్చాలనుకుంటే, లేదా ముందెవరో బ్రష్షుతో మందంగా పూసి ఉంటే, వాళ్ల మాటే సరైనది. అలా కానప్పుడు ఫ్యాక్టరీ రంగుని పోగొట్టుకోవడం నష్టం. అంత పలచగా, సమంగా వేయడం ఇంట్లో కష్టం. ప్రైమరు, రంగు, వార్నిష్ మూడు పొరలయ్యేసరికి రివెట్లు సగం మునుగుతాయి. రైలులో ఉన్న మిగతా వ్యాగన్ల గోధుమరంగుతో మీరు కలిపిన గోధుమరంగు కలవదు కూడా, కలిసిందని ట్యూబులైటు కింద అనిపించినా పగటి వెలుగులో తేలిపోతుంది.

అక్షరం పోయాక బాడీని మళ్లీ సబ్బుతో కడిగి, ఒక రోజు ఆరబెట్టి, డెకాల్ వేసే చోట నిగారింపు వార్నిష్ పలచగా కొట్టండి. మ్యాట్ రంగు మీద నేరుగా డెకాల్ వేస్తే కింద గాలి బుడగలు చిక్కుకొని వెండిలా మెరుస్తుంది. వార్నిష్ పూర్తిగా ఆరాక కింద మైక్రో సెట్ (డెకాల్ అంటుకోవడానికి ముందు పూసే ద్రవం), డెకాల్ కుదురుకున్నాక పైన మైక్రో సోల్. ఇందాక అక్షరాలు తీసిన సీసానే ఇప్పుడు అక్షరాలు కూర్చోబెడుతుంది. డెకాల్ ముడతలు పడి భయపెడుతుంది, ముట్టుకోకుండా రాత్రంతా వదిలేస్తే సాగి రివెట్ల మీద కూర్చుంటుంది. తెల్లారాక నీళ్లతో అద్ది, ఆరాక మ్యాట్ వార్నిష్ 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి రెండు పలచటి చేతులు. శ్రావణ భాద్రపదాల్లో వాన ముసురు పట్టిన రోజు ల్యాకర్ స్ప్రే కొడితే గాలిలో తేమ వార్నిష్‌లో చిక్కి తెల్లటి మబ్బు కడుతుంది. మే నెల మధ్యాహ్నం కొడితే చుక్క గాలిలోనే ఆరి, బాడీ మీద పొడిలా రాలుతుంది. పొడిగా ఉన్న రోజు పొద్దున్నే కొట్టండి. ట్రక్కులూ కప్లర్లూ మర్నాడు బిగించండి, వార్నిష్ ఆరకముందు పట్టుకుంటే వేలిముద్రలు దాని మీదే ఉండిపోతాయి.